ఇవి వారానికి

జులై 19, శనివారం

లక్ష్మణమ్మ మళ్లీ వచ్చింది. పదో తారీకున కర్ర కూడా పట్టుకోకుండా మా వార్డు మెట్లు దిగి, "ఎల్లొస్తాను సిస్టరమ్మా" అని నా గడ్డం పుచ్చుకుని మరీ వెళ్లిన మనిషి. ఇవాళ స్ట్రెచరు మీద వచ్చింది. నోరు తెరవమంటే తెరవలేకపోయింది. పెదవుల లోపల, నాలుక మీద, అంగిట్లో అన్నీ పుళ్లే. జ్వరం నూట మూడు. రక్తం రిపోర్టు రాగానే డాక్టర్ చంద్రశేఖరం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తెల్లకణాలు తొమ్మిది వందలు. నాలుగు వేలకి తగ్గకూడనివి.

ఆవిడ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాశారు డాక్టరు గారు. వారంలో ఒక రోజు, ఒకే ఒక్క మాత్ర. ఇరవై రెండేళ్లుగా నర్సింగు పిల్లలకి బల్ల గుద్ది చెబుతున్నాను, ఈ మందు దగ్గర ఏమరుపాటు పనికిరాదు, రోజూ వేస్తే ఒంట్లో రక్తం తయారయ్యే చోటే పాడైపోతుంది అని. కోడలు పైడమ్మ రోజుకొకటి చొప్పున వేసింది. ఏడు రోజులు. అట్టలో పదికి మూడు మిగిలాయి.

"అలాగెలా వేశావమ్మా?" అన్నాను.

"మీరు సెప్పినట్టే ఏసినానమ్మా," అంది.

చెప్పినట్టేనట! డిశ్చార్జి కాగితం మీద డాక్టరు గారు వారానికొకసారి అని ఇంగ్లీషులో శుభ్రంగా రాశారు. దాని కింద 'మందులు వివరించడమైనది' అన్న గడిలో నా టిక్కు ఉంది, పక్కన నా సంతకం ఉంది. నేను వివరించాను, ఆమె తల ఊపింది. ఏమీ అడగలేదు. అర్థం కాకపోతే అడగాలి కదా, నోరు లేదా?

కోపంగా ఉంది. పైడమ్మ మీదే అనుకుంటాను.

జులై 20, ఆదివారం

సెలవే. అయినా వెళ్లాను. విరుగుడు ఇంజెక్షను నేనే ఇచ్చాను, ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. జ్వరం దిగలేదు.

జులై 21, సోమవారం

ఇవాళ విచారణ. ఆఫీసు గదిలో డాక్టరు గారు, మా నర్సింగ్ సూపరింటెండెంట్ పద్మకుమారి గారు, నేను. పైడమ్మని పిలిచారు. గుమ్మం బయట చెప్పులు విప్పి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఏడో తరగతి దాకా తెలుగు చదువు.

"సిస్టరు గారు నీకు వారంలో ఒక్కసారే అని చెప్పారా లేదా?" అని అడిగారు డాక్టరు గారు.

ఆమె నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"సెప్పే ఉంటారు బాబూ. నానే తప్పుగా ఇన్నానేటో."

'బంధువుల పొరపాటు' అని రాసుకున్నారు. డాక్టరు గారు బయటికి వస్తూ, "మీ వైపు ఏ లోపమూ లేదు ఝాన్సీ గారూ, నిశ్చింతగా ఉండండి," అన్నారు. పద్మకుమారి గారు నా భుజం తట్టారు. ఆవిడ వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఎవరికి వస్తుందో ఆస్పత్రిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు, తెలియనట్టు తిరుగుతుంటాను, అంతే.

మధ్యాహ్నం వరండాలో ఎల్లాజీ ఎదురయ్యాడు. లక్ష్మణమ్మకి ఒక్కగానొక్క కొడుకు, పైడమ్మ మొగుడు, నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. మనిషి నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"మా యమ్మ బతుకుతాదా సిస్టరమ్మా?"

"చూద్దాం బాబూ. మందులు పనిచేస్తున్నాయి."

"ఊళ్లో ఏటంటన్నారో తెలుసా అమ్మా? కోడలు అత్తకి మందెట్టీసినాదంటన్నారు. నాను బజారుకెల్తే సూసి మాటలాపేస్తన్నారు."

మా వైపు మందు వేయడం వేరు, మందు పెట్టడం వేరు. వేసేది నయం చేయడానికి. పెట్టేది గుట్టుగా అన్నంలో కలిపి ఇంట్లో అడ్డుగా ఉన్నవాళ్లని తప్పించడానికి. ఒకసారి ఆ మాట పడ్డ ఆడదాన్ని ఏ ఇంట్లోనూ మంచినీళ్లు అడగరు, ఆమె ఇస్తే తాగరు. "అలాంటిదేం కాదు, పొరపాటున వేసింది," అన్నాను. అతను వినలేదు. లక్ష్మణమ్మ పడుకున్న గదిలోకి పెళ్లాన్ని రానివ్వడం లేదు. ఆమె మెట్ల మీద కూర్చుంటోంది.

ఆమె చేతిలో ఒక సంచీ ఉంది. అందులో అత్త చీరలు ఉన్నాయట, మార్చడానికి తెచ్చింది.

జులై 23, బుధవారం

నర్సింగు పిల్లలకి మందుల జాగ్రత్త మీద క్లాసు. నాకు ఇష్టమైన క్లాసు. అయిదు వేళ్లూ ఎత్తి చూపించి చెబుతాను. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, అంటే నోటికా సూదికా అని, సరైన వేళ. పేషెంటు పేరు మీరు చెప్పి 'అవునా' అనకండి, ఆయన్నే చెప్పమనండి. డాక్టరు నోటితో చెప్పిన మందుని తిరిగి ఆయనకే చెప్పి వినిపించండి. పేర్లు దగ్గరగా ఉన్న రెండు మందుల్ని ఒకే ట్రేలో పెట్టకండి. అందరూ గబగబా రాసుకున్నారు.

గౌతమి లేచింది. మూడో సంవత్సరం పిల్ల, నా వార్డులోనే డ్యూటీ, చేతిలో ఎప్పుడూ ఒక నోట్‌బుక్కు.

"ఇంటికెళ్లాక ఈ అయిదూ ఎవరు చూస్తారు మేడమ్?"

"బంధువులు చూస్తారు. మనం వివరించి పంపిస్తాం కదా," అన్నాను.

"వివరించామో లేదో మనకెలా తెలుస్తుంది?"

"తల ఉంటుంది కదమ్మా వాళ్లకి. ఊపుతారు," అన్నాను. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. గౌతమి నవ్వలేదు.

మెట్ల దగ్గర పైడమ్మ లేచి నిలబడింది. టీ ఇప్పించాను, వద్దంటూనే తాగింది. తనంతట తనే చెప్పింది.

"ఆరో రోజున అత్త నోరు మండతాందే అన్నాది. కారం తగ్గించినాను. మజ్జిగన్నం ఎట్టినాను. మర్నాడు అత్త ఆ మాత్ర నాకొద్దే అని మొకం తిప్పేసినాదమ్మా. వారం నిండకుండా ఒగ్గీకూడదని నానే బతిమాలి ఏసీసినాను."

బతిమాలి వేసిందట. వార్డులో పనుందని వచ్చేశాను. పనేమీ లేదు.

జులై 24, గురువారం

రేపట్నుంచి శ్రావణం. లక్ష్మణమ్మ ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు, లక్షన్నర ఉండాల్సినవి. పదో తారీకున పైడమ్మ ఏమీ అడగలేదు, నాకు బాగా గుర్తు.

జులై 27, ఆదివారం

ఈ పేజీ రాయకూడదనుకున్నాను. రాయకపోతే మరచిపోతానేమోనని కాదు, మరచిపోవాలనుకుంటానేమోనని రాస్తున్నాను.

ఆదివారాలు మధ్యాహ్నం దాకా నేను గంటస్తంభం దగ్గర మా కిరాణా కొట్లో కూర్చుంటాను. మా వారు మురళీమోహన్ పైనుంచి బస్తాలు దింపిస్తుంటే గల్లా దగ్గర నేను. పెళ్లైన కొత్తలో మా అత్తగారు పొట్లం కట్టడం నేర్పించారు. ఇంజెక్షను కన్నా అదే కష్టమనిపించింది అప్పట్లో.

శ్రావణం మొదలైంది కదా, రద్దీగా ఉంది. కంటోన్మెంటు వైపు నుంచి ఒకావిడ వచ్చి, "నూనె నెలకి ఇయ్యండమ్మా. పంచదార వారానికి," అంది.

అయిదు లీటర్ల నూనె డబ్బా తీసి ముందు పెట్టాను. కిలో పంచదార తూచాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆవిడ తీసుకుని వెళ్లిపోయింది. తర్వాతి మనిషి కందిపప్పు అడుగుతున్నాడు. నా చెయ్యి తక్కెడ మీద ఆగిపోయింది.

"ఏటైందే?" అన్నారు మా వారు.

"ఇందాకావిడ పంచదార ఎంత అడిగింది?"

"వారానికి."

"అంటే?"

"అంటే ఏటి, వారం రోజులకి సరిపడా."

"వారానికోసారి అని కాదా?"

"పంచదార వారానికోసారి తింటారా ఎవరైనా? నీకు పిచ్చా?" అని నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేశారు.

నెలకి అంటే నెల రోజులకి. వారానికి అంటే వారం రోజులకి. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. మా కొట్లో రోజుకి వందసార్లు వినిపించే మాట.

పదో తారీకు పొద్దున లక్ష్మణమ్మ మంచం పక్కన నేను రెండు మందులు పైడమ్మ చేతిలో పెట్టాను. ఒకటి ఫోలిక్ యాసిడ్, తెల్ల డబ్బాలో ముప్ఫై మాత్రలు. ఇంకోటి ఆ అట్ట. మందుల కౌంటరు వాళ్లు అట్ట కత్తిరించరు, నాలుగు కావాలన్నా పదీ ఇస్తారు. ముందు డబ్బా చూపించాను. ఏమన్నాను? 'ఇవి నెలకి' అన్నానా? అట్ట చూపించి ఏమన్నాను? వారానికి ఒకటి అన్నాను. ఒకటి అన్న మాట కచ్చితంగా అన్నాను. అనే ఉంటాను. అనకుండా ఎలా ఉంటాను?

ఇంకో సంగతి. శ్రద్ధ లేని మనిషైతే పదీ అయ్యేదాకా వేసేది. మధ్యలో నాలుగు రోజులు మానేసేది. పైడమ్మ సరిగ్గా ఏడు వేసి ఆపేసింది. అత్త వద్దన్నా బతిమాలి ఏడోది వేసింది. ఎవరో ఏడు అని చెప్పకపోతే ఏడు దగ్గర ఎందుకు ఆగుతుంది?

ఆ మనిషికి కందిపప్పు బదులు శనగపప్పు తూచానట. మా వారు నన్ను ఇంటికి పంపేశారు.

జులై 28, సోమవారం

గౌతమిని పిలిచాను. ఆ రోజు ఆమె నా పక్కనే ఉంది. డిశ్చార్జి ఎలా చేయాలో ప్రాక్టికల్ రికార్డులో రాసుకుంటోంది. "పదో తారీకు పేజీ చూపించు," అన్నాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

తెచ్చింది. ఈ పిల్లకి నేనే నేర్పాను, విన్నది విన్నట్టు రాయండి, మీ సొంత మాటల్లోకి మార్చకండి అని. విన్నది విన్నట్టే రాసింది.

'పేషెంటు కోడలికి మందులు వివరించుట. మేడమ్: "చూడమ్మా, ఇవి నెలకి. ఇవి వారానికి. జాగ్రత్తగా వేయి. నెల తరువాత రండి."'

అంతే. ఒకటి అన్న మాట లేదు. ఒక్కసారి అన్న మాట లేదు.

నాలుగుసార్లు చదివాను. గౌతమి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెకి తెలుసు. క్లాసులో ప్రశ్న అడిగినప్పుడే తెలుసు.

"ఈ పేజీ చింపీమంటారా మేడమ్?" అంది మెల్లిగా. పందొమ్మిదేళ్ల పిల్ల. నా మీద గౌరవం కొద్దీ అడిగిందో, నన్ను పరీక్షించడానికే అడిగిందో తెలియదు.

వద్దు అనాలి. ఎంత చిన్న మాట!

"నీ ఇష్టం," అన్నాను.

సిగ్గుగా ఉంది. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అయినా రాస్తున్నాను.

జులై 29, మంగళవారం

తెల్లకణాలు రెండు వేల నాలుగు వందలు. గండం గడిచినట్టే అన్నారు డాక్టరు గారు.

ఆవిడ పూర్తిగా కోలుకున్నాక చెబుదాం. ఇప్పుడు చెబితే వాళ్లకి ఆస్పత్రి మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోతే వైద్యం మధ్యలో మానేసి వెళ్లిపోతారు, అది పేషెంటుకే ప్రమాదం. పేషెంటు మేలు చూడాలి కదా ముందు. అందుకని ఆగడం మంచిది.

పైన రాసింది చదివాను. ఎంత బాగా రాశానో! సూపరింటెండెంట్ కుర్చీకి సరిగ్గా సరిపోయేదాన్నే.

జులై 30, బుధవారం

లక్ష్మణమ్మ మాట్లాడింది. ఆస్పత్రికి వచ్చిన పన్నెండో రోజున మొదటి మాట. అది విన్నాక నేను ఆగలేకపోయాను.

నోటి పుళ్లు మానుతున్నాయి, పల్చటి జావ పట్టొచ్చన్నారు డాక్టరు గారు. కోడలి చేతనే పట్టిద్దామన్నాను నేను. అది నా గొప్పతనం అనుకున్నాను, ఆమెకి చేస్తున్న ఉపకారం. ఎల్లాజీ మొహం అటు తిప్పుకున్నా అడ్డు చెప్పలేదు. పైడమ్మ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, మాస్కు కట్టుకుని, జావ గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఆ గది గుమ్మం తొక్కనివ్వలేదు కదా, అత్తని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అత్తా, కొంచెం తాగత్తా."

లక్ష్మణమ్మ గ్లాసు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. గోడ వైపు తిరిగిపోయింది.

"ఇది ఎట్టింది నాను తాగను. ఇది నాకు మందెట్టీసినాది."

గొంతు పీలగా ఉంది కానీ గదిలో అందరికీ వినిపించింది. పక్క మంచం వాళ్లకీ వినిపించింది. ఎల్లాజీ పెళ్లాం చేతిలో గ్లాసు లాక్కున్నాడు.

"ఇన్నావా? ఇంకెందుకే ఇక్కడ? పో, మీ అమ్మోరింటికి పో. మల్లీ ఈ పక్కకి రాకు."

పైడమ్మ ఏడవలేదు. చేతులు రెండూ గ్లాసు పట్టుకున్నట్టే ముందుకు చాచి నిలబడిపోయింది, గ్లాసు లేకుండానే.

"ఆగు ఎల్లాజీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆమె చేసిన తప్పేమీ లేదు. నేను చెప్పినట్టే వేసింది. వారానికి ఒకటి అని చెప్పాల్సింది. ఇవి నెలకి, ఇవి వారానికి అన్నాను. నువ్వైతే ఏమనుకుంటావు చెప్పు? వారం రోజులకి అనుకుంటావా, అనుకోవా?"

"మీరు దాన్ని ఎనకేసుకొస్తన్నారమ్మా. మంచోరు కాబట్టి."

మంచోరు! ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. గౌతమిని కేకేశాను. రికార్డు తెమ్మన్నాను. ఆ పేజీ ఉంటుందో ఉండదో తెలియదు, ఉంటే బాగుండునని, లేకపోతే బాగుండునని, రెండూ ఒకేసారి అనిపించాయి. తెచ్చింది. చింపలేదు. "చదువు," అన్నాను. పదో తారీకు పేజీ గట్టిగా చదివింది, ఒక్క అక్షరం మింగకుండా.

ఎల్లాజీ తల్లి మంచం పట్టీ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. లక్ష్మణమ్మకి ఎంత అర్థమైందో తెలియదు, గోడ వైపే ఉంది. పైడమ్మ నన్ను చూడలేదు. మొగుడి చేతిలో గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, సంచీలోంచి ఉతికిన చీర తీసి అత్త కాళ్ల దగ్గర ఉంచి, బయటికి వెళ్లిపోయింది.

జావ నేనే పట్టాను. తాగింది.

జులై 31, గురువారం

నేనన్న మాట గురించి లిఖితపూర్వకంగా ఇచ్చాను. డాక్టరు గారు చదివి, "ఇప్పుడిది అవసరమా ఝాన్సీ గారూ? ఆవిడ కోలుకుంటోందిగా," అన్నారు. మంచి మనిషి. నన్ను కాపాడాలనే అన్నారు. 'బంధువుల పొరపాటు' అన్న మాట కొట్టేసి దాని పక్కన నా పేరు రాయమన్నాను. ఆయన పెన్ను కాసేపు గాల్లో పట్టుకుని, రాశారు.

వార్డు డ్యూటీ నుంచి తాత్కాలికంగా తప్పించారు. కుర్చీ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తరు కూడా.

నేనే ఒక కాగితం తయారు చేసి నోటీసు బోర్డుకి పెట్టాను. మెథోట్రెక్సేట్ ఇచ్చేటప్పుడు వారానికి అన్న మాట వాడకూడదు. రోజు పేరు చెప్పాలి. 'ప్రతి లక్ష్మివారం ఒక మాత్ర, మిగతా ఆరు రోజులూ వద్దు' అని చెప్పాలి. మనం లక్ష్మివారం అనేది గురువారాన్ని, వేరే జిల్లాల వాళ్లకి గురువారం అనే చెప్పాలి. అట్ట మొత్తం ఇవ్వకూడదు, నాలుగు మాత్రలు కత్తిరించి కవరులో పెట్టి ఇవ్వాలి. చివరికి తీసుకునే మనిషి చేతనే తిరిగి చెప్పించాలి. తల ఊపడం లెక్కలోకి రాదు.

ఇంటికి వచ్చి మా వారికి చెప్పాను. "మా కొట్లో నేర్చుకున్నావన్నమాట పెద్ద డాక్టర్ల పాఠం," అని ఏడిపించారు. చాన్నాళ్ల తర్వాత నవ్వాను. నిజం చెప్పాక మనసు ఇంత తేలికగా ఉంటుందని తెలిస్తే ముందే చెప్పేదాన్ని.

ఆగస్టు 4, సోమవారం

లక్ష్మణమ్మ డిశ్చార్జి. కణాలన్నీ మామూలు స్థాయికి వస్తున్నాయి. మెథోట్రెక్సేట్ పూర్తిగా ఆపేశారు. ఆవిడ నడిచే వెళ్లింది, కోడలి భుజం పట్టుకుని. అడగకుండానే భుజం మీద చెయ్యి వేసింది, కోడలు సంచీ రెండో చేతికి మార్చుకుంది. ఎల్లాజీ ముందు నడిచాడు.

నేను వార్డులో లేను కాబట్టి మెట్ల దగ్గర నిలబడ్డాను. పైడమ్మ ఆగింది. నా దగ్గరికి వస్తే క్షమించానని అంటుందేమోనని ఒక ఆశ ఉండింది నాకు, దాచడం దేనికి.

"ఈలందరికీ సెప్పినారు," అంది ఆస్పత్రి వైపు చూపించి. "మా ఊరోలకి ఎవలు సెప్తారు? మా ఊరొచ్చి సెప్తారా?"

"వస్తాను," అన్నాను.

"ఎప్పుడు?"

"ఆదివారం."

"ఏ ఆదివారం?" అంది. తమాషాకి కాదు. నిజంగానే అడిగింది.

"వచ్చే ఆదివారం. పదో తారీకు. పొద్దున పది గంటలకి," అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

వెళ్లి వచ్చాను.

నెల్లిమర్లలో బస్సు దిగి ఆటో ఎక్కితే పావుగంట. దారి పొడుగునా ఏం చెప్పాలో లోపల్లోపల వల్లె వేసుకున్నాను. పైడమ్మ వాళ్ల ఇంటి ముందు అరుగు మీద పది, పన్నెండు మంది ఆడవాళ్లున్నారు. ఆమే పిలిచినట్టుంది. జోగయ్య అని వాళ్ల వీధి పెద్దాయన ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. నాకు ఇంకో కుర్చీ వేశారు. కూర్చోలేదు.

నిలబడే చెప్పాను. నా పేరు, నా ఉద్యోగం, నేనన్న మాట, దాని వల్ల ఏమైందో. మందు పెట్టడం అన్న మాట కూడా ఎత్తాను. ఆ మాట ఎవరి గురించైనా అనాలంటే నా గురించి అనండి, పైడమ్మ గురించి అనకండి అన్నాను. లక్ష్మణమ్మ గుమ్మంలో కూర్చుని తల ఊపుతూ వింది.



"అంత సదువు సదివినోలు కూడా ఇలాటి తప్పు సేస్తారేటి?" అంది ఒక ముసలమ్మ.

"చేస్తారమ్మా," అన్నాను.

"నెలకి, వారానికి అంటే నానైనా అలాగే ఏసీదును," అంది ఇంకొకావిడ. జోగయ్య గొంతు సవరించుకుని, "ఇన్నారు కదా అందరూ. ఇంక ఆ మాట ఈ వీధిలో ఇనపడకూడదు," అన్నాడు. ఒకావిడ లేచి వెళ్లి పైడమ్మని అడిగి మంచినీళ్లు తెప్పించుకుని అందరి ముందూ తాగింది. దీనికోసమే నన్ను రమ్మంది, పని అయింది అనుకున్నాను.

అందరూ వెళ్లాక చెప్పులు తొడుక్కున్నాను. పైడమ్మ ఆటో దాకా వచ్చింది. దారిలో మూడుసార్లు అనుకున్న మాట అప్పుడు అన్నాను.

"ఒక్క మాట తప్పు దొర్లింది తల్లీ. దానికి నువ్వు ఇంత పడ్డావు."

ఆమె ఆగి నన్ను చూసింది. ఇన్నాళ్లలో నా కళ్లలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి.

"మాట దొర్లిందంటే దొర్లిందమ్మా. ఎవలికైనా దొర్లుతాది. దానికి నాను ఏటీ అనుకోలేదు. నాను అడగబోనానమ్మా ఆ రోజున. 'వారం ఏసీసినాక మల్లీ కొనాలా, ఇంక అక్కర్నేదా' అని అడుగుదామని సిస్టరమ్మా అన్నాను. మీరు సెయ్యి ఇలాగన్నారు."

చూపించింది. అరచెయ్యి నా వైపు ఎత్తి, వేళ్లు రెండుసార్లు కదిపింది. ఇంక చాలు, వెళ్లు అన్నట్టు.

ఆ రోజు అలా చేసినట్టు నాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి ఇంతసేపు కూర్చున్నా గుర్తు రావడం లేదు. కానీ ఆ చెయ్యి నాదే. మంచానికీ మంచానికీ మధ్య నడుస్తూ, రాసుకుంటూ, ఎవరు 'అమ్మా' అన్నా తలెత్తకుండా నేను చేసే పని అదే. మా వారి మీదా చేస్తాను, పిల్లల మీదా చేస్తాను. ఆమె ఆ ఒక్క ప్రశ్న అడగనిచ్చి ఉంటే, "మళ్లీ కొనడమేమిటమ్మా, నాలుగు వారాలకి నాలుగే కదా" అని నేనే అనేదాన్ని. అక్కడితో అయిపోయేది.

"అడగనియ్యాలి కదమ్మా మనిసిని," అంది పైడమ్మ. కోపంగా అనలేదు. ఆటో అతనికి బస్టాండు దగ్గర దింపమని చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయింది.

రిపోర్టులో నేను మాట గురించే రాశాను. చెయ్యి గురించి రాయలేదు. రేపు వెళ్లి అది కూడా రాసి ఇవ్వాలి.